గోడకు రెండు వైపులా ఒకే కాపురం

ఫిలిప్పీన్స్‌లోని బకోలోద్‌లో ఉండే జోవెలిన్‌కు పెళ్ళి కాలేదు గానీ, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న గ్రాహం కాపురాన్ని ఏడాదిగా ఆమే నెట్టుకొస్తోంది. ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో అతని వ్యాపార ఉత్తరాలు చూడటానికి కుదిరిన ఉద్యోగం అది. అయ్యగారికి తీరిక లేక, భార్య హెదర్‌కు తన పేరుతో మెసేజ్‌లు పెట్టే పని కూడా ఆ జీతంలోనే కలిపేశాడు.

జోవెలిన్ తనకు తెలిసిన మర్యాదే చూపించింది. రోజూ మధ్యాహ్నం, "అన్నం తిన్నావా?" అని పెట్టేది. ముక్తసరిగా జవాబిచ్చే హెదర్ ఒకరోజు, "తిన్నాను. నువ్వు తిన్నావా? ఎండలో తిరగకు" అంది.

జోవెలిన్‌కు అనుమానం వచ్చింది. ఈ మాట పెర్త్‌ది కాదు, మనవాళ్ళదే. గోడ మీంచి తొంగి చూస్తే, ఈమధ్యే ఇలాంటి ఉద్యోగంలో చేరిన పక్కింటి ఫెలీసా ఫోనులో టైపు చేస్తోంది.

"అక్కా, నువ్వు పనిచేసే అమ్మగారి పేరు హెదరా?"

ఫెలీసా తలెత్తకుండానే, "అయితే నా మొగుడివి నువ్వేనన్నమాట. ఎండుచేపలు వేయించాను, గిన్నె పట్రా" అంది.

నెల తిరిగేసరికి గ్రాహం మురిసిపోయాడు. "హెదర్ ఎంత మారిపోయిందో. ఇకమీదట నేనే రాసుకుంటాను" అన్నాడు. అటు హెదరూ ఫెలీసాకు అదే మాట చెప్పింది.

పని పోయిందని జోవెలిన్ దిగులుపడితే ఫెలీసా నవ్వింది. "రాసుకోనీ. ఎన్నాళ్ళో చూద్దాం."

గురువారానికే గ్రాహం దిగొచ్చాడు. "మళ్ళీ నువ్వే రాయి. ముందు నా తరఫున హెదర్‌కు క్షమాపణ చెప్పు."

జోవెలిన్ గోడ దగ్గరికి వెళ్ళింది. "అక్కా, ఆవిడ నిన్ను ఎంత కోపంగా ఉండమంది?"