ఆకాశపు తాడుకు అతుకు వెతికిన పెద్దనాయన

మా పక్కింటి పెద్దనాయన పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. నేను నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. శనివారాలు గద్వాలలో మా ఇంటికి వస్తాను. బస్సు వనపర్తి దాటాక ఆయన కోడలు ఫోన్ చేసింది. "వదినా, మామ పోయిండు. పొద్దుగాల చాయ్ తీస్కపోతే లేస్తలేడు." ఎక్కడిదాకా వచ్చావని అడగలేదు. శనివారం కదా, వస్తానని తెలుసు.

ఆయన మాకు చుట్టం కాదు. మా రెండిళ్లకూ ఒకటే గోడ. పుట్టినప్పటి నుంచీ పెద్దనాయన అనే పిలిచాను. మగ్గం మనిషి. గద్వాల చీర ఒళ్లు నూలు, కొంగు పట్టు. కొంగు దగ్గరికి వచ్చేసరికి ప్రతి నూలు పోగుకూ ఒక పట్టు పోగు అతకాలి. బొటనవేలికి ఇంత బూడిద అద్దుకొని, రెండు కొసలూ కలిపి చూపుడువేలికి ఆనించి మెలిపెడతారు. మా వీధిలో ఎవరి మగ్గం మీద అతుకు నిలవకపోయినా ఆయనకే కబురు. "అతుకు పోగు కన్నా బలంగుండొద్దు బిడ్డా. ఉంటే పక్కన తెగుతది" అనేవాడు. ఆ మాట నేను క్లాసులో చాలాసార్లు వాడుకున్నాను, ఎవరిదో చెప్పకుండానే.

రెండేళ్ల కిందట అరుగు మీద కూర్చొని పాఠం రాసుకుంటున్నాను. భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు కట్టవచ్చా, కడితే ఎంతవుతుంది అన్నది విషయం. అప్పటికి ఆయన పని మానేసి ఏడాది. గోడకు ఆనుకొని ఊరికే ఉండేవాడు.

"ఏందది, గంతగనం రాస్తున్నవ్?"

"ఆకాశానికి లిఫ్టు, పెద్దనాయనా."

"మన దవాఖానల లిఫ్టే నడుస్తలేదు, ఆకాశానికి పోతరా!" అని నవ్వాడు. నా పుస్తకంలోకి వంగి, "తాడు ఎంత పొడుగు?" అన్నాడు.

ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తు దాటి ఇంకా పైకి పోవాలని, కొసకు ఒక బరువు ఉంటుందని, భూమి తిరుగుతుంటే ఆ తాడు బిగిసి నిలబడుతుందని చెప్పాను. తిరగడం సంగతి ఆయన పట్టించుకోలేదు.

"అయితే తన బరువు తనే మొయ్యాలె గదా!"

శాస్త్రజ్ఞులు ఇన్నేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నది అక్కడే. ఉక్కు తాడైతే తన బరువుకే తెగిపోతుంది. అంత బరువూ మోయగల సన్నటి కర్బనపు పోగు ఉంది కానీ మూరెడు పొడవు తీయడమే కష్టంగా ఉంది. ఖర్చు సంగతి అడిగితే, ఒకరి లెక్క ఇంకొకరు ఒప్పుకోరని చెప్పాను. "నూలు రాకముందే చీరకు బేరమాడుతుండ్రన్నట్టు" అన్నాడు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఊరికే కూర్చున్న మనిషిని సంతోషపెడదామని అన్నానేమో. "మూరెడు మూరెడు పోగులు గట్టిగా అతకడం వస్తే చాలు పెద్దనాయనా. అదొక్కటే ఎవరికీ రావట్లేదు."

అదొక్కటే కాదు. పిడుగులున్నాయి, అంతరిక్షంలో తిరిగే చెత్త ఉంది, తాడు ఊగడం ఉంది. అవేవీ చెప్పలేదు.

మరుసటి శనివారానికి ఆయన పని మొదలుపెట్టాడు. పట్టు పోగులను మూరెడేసి తెంపడం, మళ్లీ అతకడం, దూలానికి వేలాడదీసి తూకపు రాళ్లు కట్టడం. అతుకు దగ్గర తెగితే మెలి మార్చేవాడు. నేను రాగానే "పోయినసారి కన్నా ఒక రాయి ఎక్కువ మోసింది" అని చెప్పి, పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా చూసేవాడు.

ఒకరోజు కోడలు నన్ను వంటింట్లోకి పిలిచింది. "కండ్ల నరం ఎండుతున్నదంట వదినా. ఆపరేషన్ చేస్తే ఉన్న సూపన్నా నిలుస్తదన్నరు. మామేమో 'చేసుకుంటే నెల దాక వంగొద్దంటరు, అతుకు తేలినంక సూద్దాం' అంటుండు. నువ్వు వెట్టిన పురుగే. నువ్వన్నా చెప్పు."

వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆపరేషన్ చేయించుకో పెద్దనాయనా. ఒకవేళ ఆ లిఫ్టు కాకనే పోతే?"

ఆయన చేయి ఆగింది. "కాదని నీకు తెలుసా? తెలిస్తే చెప్పు, ఇప్పుడే లేస్త. తెల్వదంటే మాత్రం నన్ను పని చేసుకోనీ."

"తెల్వదు" అన్నాను.

అది నిజమే. చదువుకున్నవాళ్లు అలాగే చెప్పాలి. కానీ నా నోటు పుస్తకంలో ఆ పాఠం చివర నా చేతిరాతతోనే ఒక వాక్యం ఉంది: 'మన కాలంలో సాధ్యం కాకపోవచ్చు.' ఇరవై ఏళ్ల పిల్లలకు చెప్పడానికి రాసుకున్నది. డెబ్బై దాటిన మనిషికి దానర్థం కాదు అనే. ఆయన తన కండ్ల గురించి అడిగాడు. నేను లోకం గురించి జవాబు చెప్పాను.

చివరికి దవాఖానకు పోయేసరికి ఒక కన్ను పూర్తిగా, రెండోది సగం పోయాయి. ఆ తర్వాత తడిమి అతికేవాడు. ఆయన పోవడానికి నెల ముందు ఉండబట్టలేక, "ఆ రోజు కాదని చెప్పాల్సింది" అన్నాను.

"నీకు తెలుసా మల్ల, కాదని?"

"తెల్వదు."

"మరి అబద్ధం చెప్పాల్సిందంటవా?" అన్నాడు, నా ముఖం ఉన్నదనుకున్న వైపు తిరిగి. ఆ చూపు ఒక జానెడు పక్కకు, నా వెనకున్న గోడ మీద పడింది. పుస్తకంలోని వాక్యం అప్పుడైనా చదివి వినిపించాల్సింది. వినిపించలేదు. ఇప్పటికీ శనివారం గోడ పక్కగా నడిస్తే, నాకు ఒక జానెడు పక్కన ఎవరో జవాబు కోసం ఆగినట్టుంటుంది.

మీరు నన్ను తప్పుపడతారో లేదో తెలియదు. ఆ రెండేళ్లూ ఆయన ఉత్సాహంగా బతికాడని కొడుకు అంటాడు. చూపుతో బతికేవాడని కోడలు అనదు, కానీ నాకు వినిపిస్తుంది.

నేను చేరేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఆనుకొని బిగుసుకుపోయాయి. కొడుకు విడదీయబోతే కోడలు, "ఉండనీ, గట్లనే ఉండనీ" అంది. పాడె మీద తెల్లగుడ్డ కప్పారు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. గుడ్డ ఒళ్లంతా చదునుగా పరచుకొని ఉంది. ఆ రెండు వేళ్ల దగ్గర మాత్రం చిన్న మొనలా పైకి లేచి ఉంది.