అవ్వ మోకాళ్లకు కారు కాపడం

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు (అమ్మ చదువుతుందేమోనన్న అనుమానంతో డైరీలో ఎప్పుడూ నా మంచితనం మాత్రమే రాసుకునేదాన్ని). అవ్వ మోకాళ్ల నొప్పుల వల్ల అన్న ల్యాప్‌టాప్ చెడిపోయిందని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. నలుగురం కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తుతారు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. ఎందుకంటే దాన్ని చెడగొట్టింది అవ్వ కాదు, నేను.

ఆ రోజుల్లో మా ఊరు మొత్తానికి రెండే కంప్యూటర్లు. ఒకటి హైస్కూల్లో దుప్పటి కప్పుకుని ఉండేది, దాని ముఖం చూసినవాళ్లు తక్కువ. రెండోది హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నది, అతను ఇంటికొచ్చినప్పుడే ఊళ్లోకి వచ్చేది. నేను అప్పుడు వనపర్తిలో డిగ్రీ రెండో సంవత్సరం. బిజినేపల్లి దగ్గర మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. నా సిగ్గు ఎంతటిదంటే, దిగాల్సిన చోట 'ఆపండి' అనడానికి నోరు రాక తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. ఇంటికొచ్చాక కూడా లైబ్రరీ పుస్తకం పట్టుకుని ఒక మూల చేరితే, నేను ఇంట్లో ఉన్నానో లేనో తెలిసేది కాదట.

ఆ చలికాలం అన్న పదిహేను రోజులు ఏదో ఫ్యాక్టరీలో శిక్షణకని వెళుతూ, హాస్టల్ గదిలో పెడితే పోతుందని ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి వెళ్లాడు. వెళ్లేముందు నన్ను కూర్చోబెట్టి, "చెల్లె, దీన్ల నా ప్రాజెక్టున్నది. ఇంకో కాపీ ఎక్కడ లేదు. నేనొచ్చినంక సోమవారం సార్లకు చూపియ్యాలె. చూపియ్యకుంటె ఏడాది పోతది. జర పైలం. నువ్వు టైపింగ్ నేర్చుకో, వేరేటియి ముట్టకు" అన్నాడు. నేను తలూపాను. మూడు రోజులు నిజంగానే టైపింగ్ నేర్చుకున్నాను. నాలుగో రోజు, వేరేటివి ఏమున్నాయో తెలిస్తేనే కదా ముట్టకుండా ఉండగలిగేది అని వెతికాను. కారు పందెం ఆట దొరికింది.

రోడ్డు దాటడానికి ఎవరైనా తోడొస్తారా అని ఎదురుచూసే నేను, ఆ ఎర్ర కారు ఎక్కితే మనిషిని కాను. లారీల మధ్య నుంచి దూసుకుపోయేదాన్ని, వంతెనల మీద నుంచి ఎగిరేదాన్ని, అడ్డమొచ్చిన వాళ్లను పక్కకు గుద్దేసి క్షమాపణ కూడా అడిగేదాన్ని కాదు. ఒక్కటే చిక్కు. అరగంట ఆడేసరికి ల్యాప్‌టాప్ అడుగున రొట్టెల పెనంలా కాలేది. ఒళ్లో పెట్టుకుంటే తొడలు మండేవి. ఒకరోజు భరించలేక, పక్కనే నులక మంచం మీద పడుకున్న అవ్వ కాళ్ల దగ్గర పెట్టాను.

అవ్వ అంటే మా నాయిన తల్లి. ఏళ్లకేళ్లు పల్లి చేన్లలో వంగి పనిచేసిన మోకాళ్లు ఆవిడవి, చలికాలం వస్తే పగబట్టినట్టు పట్టుకునేవి. రోజూ సాయంత్రం ఆముదం రాసుకుని, పొయ్యిలో కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి కాపడం పెట్టించుకునేది. ఆ ఇటుక పని నాది. ఆ రోజు ఆటలో పడి ఇటుక సంగతి మరిచిపోయాను. ఒక మలుపు తిప్పుతుండగా అవ్వ మోకాలు మెల్లగా జరిగి ల్యాప్‌టాప్ కిందికి వచ్చింది.

"ఏందే గిది, గింత గరమున్నది?"

"కంప్యూటర్ అవ్వా. తీస్తనుండు."

"తియ్యకు, తియ్యకు. హాయిగున్నది. ఇటుక కంటె మంచిగున్నది, సల్లారుతలేదు."

అలా మొదలైంది. మర్నాటి నుంచి ఇటుకకు సెలవు. సాయంత్రం కాగానే అవ్వ ఆముదం రాసుకుని, మోకాళ్ల మీద తువ్వాల పరుచుకుని, "తే బిడ్డా నీ పొయ్యి" అని పిలిచేది. నేను మంచం పట్టె మీద కూర్చుని, అవ్వ మోకాళ్ల మీద ల్యాప్‌టాప్ ఆనించి కారు నడిపేదాన్ని. మొదటి రోజుల్లో నా మనస్సాక్షి కొంచెం పనిచేసి, కాసేపు టైపింగ్ చేద్దామని చూశాను. ఐదు నిమిషాలకే అవ్వ కసిరింది. "గా రాత పని వద్దు, సల్లగైతున్నది. కారు నడుపు." (రాస్తే చల్లగా ఉంటుంది, ఆడితే వేడెక్కుతుంది అన్న సంగతి బడి మొహం చూడని అవ్వ రెండు రోజుల్లో కనిపెట్టింది.) తర్వాత తర్వాత ఎడమ మోకాలికి ఒక పందెం, కుడి మోకాలికి ఒక పందెం అని లెక్క. చలి ఎక్కువున్న రోజు, "ఇయ్యాల జర జోరుగ నడుపు బిడ్డా, శానా గుంజుతున్నయ్" అనేది. మనవరాలు ఎన్ని కార్లను గుద్దితే అంత వేడి వస్తుందని ఆవిడ నమ్మకం. నేను ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు.

పక్కింటి ఖాలాకు కూడా ఈ వైద్యం సంగతి తెలిసింది. ఆవిడకు నడుము నొప్పి. ఒకరోజు వచ్చి మంచం పక్కన చాప మీద బోర్లా పడుకుని, "బేటీ, అవ్వదైనంక నాకు గుడ జర పెట్టు" అంది. ఖాలా నడుము మీద నుంచి చూస్తూ పర్వతాల దారిలో కారు నడపడం అంత తేలిక కాదు. ఆవిడ దగ్గినప్పుడల్లా కారు లోయలో పడేది. అమ్మ మాత్రం వంటింట్లోంచి తొంగిచూసి మురిసిపోయేది. "సదువుకు సదువు, సేవకు సేవ. అందరి ఇండ్లల్ల గిట్లాంటి పిల్లలుండరు" అని ఖాలాతో అంది. ఆ రాత్రి డైరీలో 'అవ్వకు గంటన్నర సేవ' అని రాసుకున్నాను. సిగ్గు పడాల్సిన చోట మాత్రం నాకు సిగ్గు రాలేదు.

అన్న రేపు వస్తాడనగా, శుక్రవారం సాయంత్రం. అప్పటికి ఆటలో అన్నీ గెలిచాను, చివరి పందెం ఒక్కటే మిగిలింది. అన్న వస్తే ల్యాప్‌టాప్ వెళ్లిపోతుంది. రెండు మోకాళ్లూ అయిపోయాయి. అవ్వ, "సాలు బిడ్డా, నొప్పి పోయింది. బంద్ చెయ్యి, నువ్వు గుడ జర లేచి తిరుగు" అంది.

"ఇంకా జరసేపు అవ్వా. ఇయ్యాల వేడి మంచిగొస్తున్నది."

"వద్దే, కాలుతున్నది."

"రెండే నిమిషాలు."

అవ్వ కళ్లు మూసుకుంది. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ పిండిమిల్లులా అరుస్తోంది. వంటింట్లోంచి అమ్మ ఉల్లిగడ్డలు కోయమని రెండుసార్లు పిలిచింది. ఈ చప్పుడు వింటే వచ్చి చూస్తుంది, చూస్తే టైపింగ్ కాదని తెలిసిపోతుంది. ఇటుక వేడి పోకూడదంటే గుడ్డలో చుడతాం కదా, చప్పుడు బయటికి పోకూడదన్నా అంతే కదా అనిపించింది. అవ్వ కాళ్ల మీదున్న గొంగడి లాగి, తెర, మీటలు మాత్రం కనపడేలా ల్యాప్‌టాప్ చుట్టూ గట్టిగా చుట్టాను. చప్పుడు తగ్గింది. నా కారు రెండో స్థానంలోకి వచ్చింది. ఇంకొక్క మలుపు. ముందున్న నీలం కారును దాటబోతున్నాను. తెర నల్లబడింది. కాలిన ఉన్ని, కాగిన ఆముదం కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. మీట ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. గొంగడి మళ్లీ అవ్వ కాళ్ల మీద కప్పి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి, వెళ్లి ఉల్లిగడ్డలు కోశాను. ఏడవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు.

శనివారం పొద్దున అన్న వచ్చాడు, మీట నొక్కాడు, మళ్లీ నొక్కాడు. మొహం పాలిపోయింది. "ఏం చేసినవ్ చెల్లె? నా ఏడాది పాయె. ఏం చేసినవ్?" నోరు తెరిచాను. అప్పుడు మంచం మీద నుంచి అవ్వ అంది:

"దాన్నేమనకురా. నేనే పెట్టుమన్న. నా మోకాళ్లకు."

"మోకాళ్లకా?"

"కాపడం. మంచిగ గరమైతుండె."

అన్న అలాగే కూలబడ్డాడు. నాయిన మాత్రం ఊరుకోలేదు. "నీకేమన్న మతి ఉన్నదా అమ్మా? పిలగాని సదువు మోకాళ్ల మీద పెట్టుకుంటవా? ఇంట్ల ఇటుకలు కరువైనయా?" అని అరుస్తూనే ఉన్నాడు. అవ్వ గొంగడి మెడదాకా కప్పుకుని, పరీక్ష తప్పిన పిల్లలా గోడవైపు చూస్తూ అన్నీ పడింది. నేను చెప్పాలి. రెండు అడుగులు ముందుకు కూడా వేశాను. ఆ రెండు అడుగులే వేశాను.

మధ్యాహ్నం అన్నా నేనూ షేర్ ఆటోలో నాగర్‌కర్నూల్ వెళ్లి, రిపేరు షాపతని ముందు ల్యాప్‌టాప్ పెట్టాం. అతను అడుగు మూత విప్పి, వాసన చూసి, జిడ్డంటిన చెయ్యి చూసుకున్నాడు. "ఏంది తమ్మి ఇది, కంప్యూటరా, ఆముదం గానుగనా?" అని, చిన్న పట్టకారుతో ఫ్యాన్‌లోంచి నల్లటి పోగులు ఒక్కొక్కటే లాగాడు. "ఈ ఉన్ని యాడికెల్లొచ్చింది?" అన్న నావైపు చూశాడు. "అవ్వ గొంగడిది" అన్నాను. అందులో అబద్ధం లేదు, గొంగడి అవ్వదే.

రెండు గంటలు తుడిచి, ఆరబెట్టి, కొత్త ఫ్యాన్ వేశాక తెర వెలిగింది. అన్న ముందు ప్రాజెక్టు తెరిచి చూసుకుని, తర్వాత అక్కడే బల్ల మీద తల ఆనించాడు. సోమవారం చూపించాడు, గట్టెక్కాడు. (ల్యాప్‌టాప్ వేడెక్కేకొద్దీ గదంతా ఆముదం వాసన వస్తుంటే, ఒక సారు కిటికీలు తెరిపించాడట.) ఇంట్లో మళ్లీ ఇటుక వచ్చింది. ఎర్ర కారు మళ్లీ రాలేదు.

మూడేళ్ల తర్వాత నాకు గద్వాలలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బస్సులో 'ఆపండి' అని గట్టిగానే అంటాను, ల్యాప్‌టాప్ బల్ల మీదే పెట్టి వాడతాను. అప్పటి ఆ పిరికిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ రెండు అడుగుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగుతుంది. ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన రోజు అవ్వకు వెళ్లొస్తానని చెప్పడానికి మంచం దగ్గర కూర్చున్నాను. అప్పటికి ఆవిడ లేవడం లేదు. ఆ నెలలోనే పోయింది, చివరి చూపుకు నేను అందుకోలేకపోయాను. అందుకే ఆ రోజు మాటలే చివరివి. నా చెయ్యి పట్టుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ దినం నేను బంద్ చెయ్యుమంటె చెయ్యకపోతివి. గొంగడి గుడ గుంజుకపోతివి. గెలిచినవా మరి?"

"లేదవ్వా" అన్నాను. "ఒక్క మలుపుండంగ ఆగిపోయింది."

అవ్వ నా మొహంలోకి చూసింది. బోసినోరు మెల్లగా విచ్చుకుంది.

"అయ్యో పిచ్చిదానా! అయితె మీ నాయినతోని ఉత్తగనే తిట్లు తిన్ననా నేను?"