సరుకుతో వచ్చిన గోనెసంచి

బేరంలో నన్ను మించినోడు అనంతపురంలో లేడు; అందుకే మస్తాన్ మాట వినలేదు. అంగళ్లకు బిల్లులేసే సాఫ్ట్‌వేర్ ఇద్దరం కలిసి చేసినాం, కోడంతా వాడిదే. దాని హెల్ప్ పేజీలు తయారుచేసేకి వాడిన ఉచిత టూలు, ఆ పేజీల్లో వెతికే తన ఫైలొకటి మా సరుకులో చేర్చింది.

“అన్నా, ఆ ఫైలు వాడుకుంటే దాని లైసెన్సు ప్రకారం మన కోడంతా అందరికీ ఇయ్యాల. మనమేమో దాచిపెట్టి అమ్ముతాండాం. రెండూ పొసగవు, తీసేద్దాం.”

“ఏమప్పా, బియ్యం కొంటే గోనెసంచి మనదే కదా!” అని, ఆ ఫైల్లో దాన్ని రాసినాయన పేరు చెరిపి మా పేర్లు పెట్టినా.

సాఫ్ట్‌వేర్ కొనడానికి బెంగళూరు నుంచి మా అంగడికి వచ్చినాయన, రాసినాయన పేరున్న అసలు ఫైలు పక్కనే తెరిచి చూపించినాడు. “మిగతా కోడు యాడ ఎత్తుకొచ్చినారు?” అన్నాడు, మస్తాన్‌ వైపు చూసి.

పేరు చెరిపింది నేనని ఒప్పుకోకుండా, ధర తగ్గిస్తానన్నా. మస్తాన్ లేచిపోయినాడు, మళ్లీ మా అంగడి మెట్లెక్కలేదు.

బేరం పోవడం చిన్న పద్దు. ఒక్క అక్షరం ఎత్తనోణ్ణి దొంగను చేసినా. ఆ సంచి ఖరీదు అదీ.