బస్తా అడుగు చూసే మా బావ

బావ పోయాడని అక్క ఫోన్‌లో చెబితే ముందు నమ్మలేదు. "బావ నీతోని జెప్పిచ్చి నన్ను ఆట పట్టిస్తాండా అక్కా?" అన్నాను. అటువైపు ఏడుపు ఆగలేదు. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

బావదీ నాదీ ఒకటే రోగం. ఒకే కట్టలోని బీడీలు కాల్చినవాళ్లం మరి. కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, వరంగల్ దవాఖానలో ఇద్దరికీ గజ్జల్లోంచి గుడ్డ తొడిగిన గొట్టం పంపి, ఆ నాళంలో నిలబెట్టారు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "నొప్పి లేకున్నా ఏటా స్కాన్‌కు రావాలె. గొట్టం పక్కనుంచి రక్తం కారితే బుడగ మళ్ల పెరుగుతది. మీకు తెల్వనే తెల్వది."

బావ కేసముద్రం మార్కెట్లో పత్తి కొనేవాడు. బస్తా పైన తెల్లగా మెరిసే పత్తిని చూసి మురిసేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు పత్తి పిడికెడు లాగి, చెంపకు ఆనించి తేమ చూసేవాడు. "పైన పెట్టేది మనం చూడాలనే పెడ్తరు. అసలు సరుకు అడుగున ఉంటది" అనేవాడు. అన్నానికి కూర్చున్నా ఆ చేతి వెంట్రుకలకు దూది పోగులు అంటుకునే ఉండేవి.

"బావా, నీ చెయ్యి నీకన్నా ముందు ముసల్దయింది."

"నీ బుద్ధి ఇంకా పసిదేరా బామ్మర్ది!"

మొదటి ఏడాది స్కాన్‌కు కలిసే వెళ్లాం. మరుసటి ఏడాది పిలిస్తే నవ్వాడు.

"నొప్పి లేదు, ఏం లేదు. రెండు ముద్దలు ఎక్కువనే తింటాన. నాకెందుకురా ఫోటోలు?"

"బస్తాలైతే చెయ్యి పెట్టి చూస్తవ్. నీ కడుపును పైనుంచే చూస్తవా?"

"బస్తా ఎవనిదో. కడుపు నాదే గదరా, నన్ను మోసం జేస్తదా?"

ఆ తర్వాత మళ్లీ రాలేదు. అసలు సరుకు అడుగున ఉంటదన్న ఆయన మాట పట్టుకుని నేను మాత్రం ఏటా వెళ్లాను. అక్క ఫోన్ చేసిన రోజు పొద్దున బేరమాడుతూనే నడుం పట్టుకుని కూలబడ్డాడట. దవాఖాన చేరేలోపే అయిపోయింది. బుడగ పగిలిందన్నారు.

దినాలు కాగానే నా వంతు స్కాన్ వచ్చింది. నర్సు నవ్వింది. "ఏం తాతా, ఇయ్యాల జోకులు లేవా?"

"ఉన్నయ్ బిడ్డా. గొంతుల ఇరికినయ్."

బల్ల లోపలికి జరిగింది. నరంలోకి మందు ఎక్కగానే ఒళ్లంతా వేడి పాకింది. ఊపిరి బిగపట్టమన్నారు. కళ్లు మూసుకున్నాను. దూది పోగులు అంటిన బావ చెయ్యి నా కడుపులోకి మోచేతి దాకా దిగి, అడుగున ఏదో పిడికిట్లోకి తీసుకుంది. ఇంకా బయటికి తీయలేదు.