వరసకు లొంగని వెయ్యిన్నొక్క కట్టలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఎండాకాలం, మణుగూరు అవతలి అడవిలో ఒక తునికాకు కల్లానికి నేను చక్రవర్తిని. కల్లమంటే, ఊళ్లవాళ్లు కోసి కట్టలు కట్టి తెచ్చిన బీడీల ఆకును వరసగా పరిచి ఆరబెట్టే చోటు. ఆ వరసలు చూసుకునే కొలువు నాది. ఎండ ఎంతటిదంటే, నా నీడ కూడా నన్ను విడిచిపెట్టి చెట్టు కింద కూర్చునేది.

తనిఖీ ఆఫీసరుకు ఒకటే పిచ్చి: అన్ని వరసలూ సమానంగా ఉండాలి. "అర వరస కనిపించిందో, రేపటిసంది ఇక్కడ వేరేటోడుంటడు" అని ముందురోజే చెప్పి పోయాడు. ఆ కొలువు పోతే నాకు ఇంకో దిక్కు లేదు.

ఆ రోజు వచ్చినవి వెయ్యిన్నొక్క కట్టలు. వరసకు ఇరవై పరిపించాను, ఒకటి మిగిలింది. పాతిక, ఒకటి మిగిలింది. యాభై, మళ్లీ అదే ఒక్కటి! పూర్వజన్మ పగ తీర్చుకోవడానికే పుట్టినట్టుంది ఆ కట్ట.

"ఏంది సారు, పొద్దటిసంది పరుసుడు, తీసుడు! ఆకుకు జోల పాడుతున్నవా?" అంది నాతో కట్టలు పరుస్తున్న అవ్వ. "ఆ ఒక్కటి నెత్తిన పెట్టుకో, ఎండన్న ఆగుతది."

కసి పట్టలేక పుల్ల తీసుకుని దుమ్ములో బడి లెక్క మొదలుపెట్టాను. ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోవడమే. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతో అసలే పోదు. ఏడుతో పోయింది! నూటనలభైమూడు వచ్చింది. దాన్ని పదకొండు కొరికితే పదమూడు మిగిలింది. పదమూడు ఇక విరగదు. ఏడు, పదకొండు, పదమూడు. వీటిని రెండేసి జతకడితే డెబ్బైఏడు, తొంభైఒకటి, నూటనలభైమూడు. ఒకటీ, వెయ్యిన్నొకటీ ఎలాగూ ఉన్నాయి. ఈ ఎనిమిది కారణాంకాలకు తప్ప ఆ సంఖ్య బ్రహ్మదేవుడికీ లొంగదు.

అన్నీ ఒకే వరసలో వేస్తే గోదావరి దాటి పర్ణశాలలో తేలతాం. నూటనలభైమూడంటే చెట్లలోకి పోవాలి. వరసకు డెబ్బైఏడు, పదమూడు వరసలు. నడుములు విరిగాయి కానీ ఒక్కటీ మిగల్లేదు!

జీపు దిగిన ఆఫీసరు చుట్టూ తిరిగి తల ఊపాడు. తర్వాత వంగి, నట్టనడుమ నుంచి ఒక కట్ట పీకి, విప్పి, ఆకులు లెక్కపెట్టి, జీపులో పడేశాడు. నమూనా తీయడం రోజూ ఉండేదే. నేనే మరిచాను.

"ఏందయ్యా, నడుమ వరసల ఒకటి తక్కువున్నది?"

"మీరే తీసిండ్రు సార్."

"తీసినంక ఉన్నయే లెక్క. నేను చాయ్ తాగేలోపల సమానం కావాలె."

వెయ్యి! పొద్దున్నుంచి ఏడిపించిన ఇరవైకి, పాతికకు, యాభైకి కూడా నోరెత్తకుండా లొంగే వెయ్యి! అందరం ఉరికి వరసకు పాతిక పరిచాం. నా కొలువు నిలిచింది, నడుమే నిలవలేదు.

"సారు, ఆయనతోని ఇంకొకటి తీపిద్దామా?" అంది అవ్వ.

తిట్టబోయాను. కానీ చెయ్యి దానంతటదే పుల్ల అందుకుంది. తొమ్మిదివందల తొంభైతొమ్మిది... మూడుతో పోతుంది.