స్తంభం నడుమ ఉబ్బు

ఎనభైల్లో దుబాయ్‌లో ఒక విల్లా ముందు గ్రీకు గుడి స్తంభాలు కడుతున్నాం. ఒంటినిండా నిలువు గాడులు, తలమీద పొట్టేలు కొమ్ముల్లాంటి చుట్టలు. మా జిల్లా పెద్ద మేస్త్రి పూసిన స్తంభానికి నిటారు చూసే తూకం గుండు వేలాడదీస్తే నడుమ ఉబ్బు తేలింది. "కండ్లు కనవడ్తలెవ్వా కాకా?" అని అందరిముందూ ఎగతాళి చేశాను. ఆయన ఏదో చెప్పబోతే వినకుండా ఆ ఉబ్బంతా చెక్కేశాను.

మర్నాడు నేను తూకం గుండుతో పక్క స్తంభం చూస్తుంటే ఇంజనీరు వచ్చి నక్షా పరిచాడు. అచ్చం నిటారుగా కడితే దూరానికి నడుము పీక్కుపోయినట్టు కనిపిస్తుందట; అందుకే గ్రీకులు కావాలనే ఉబ్బు పెట్టేవారట. ఎవరు చెక్కారని హిందీలో గద్దించాడు.

"మేరీ గల్తీ, సాబ్," అని తప్పు తనమీద వేసుకున్నాడు కాకా.

తూకం గుండు ఇంకా నా చేతిలోనే ఉంది.