యాదయ్య మార్చిన ఆయిల్

చాలా ఏళ్ళుగా ఒక మనిషి పేరు నా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. యాదయ్య. ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. నన్ను తెర మీద వదినగానో తల్లిగానో చూసినవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. అది తెలియకపోతే నేను చేసింది అర్థం కాదు.

తొంభైల మొదట్లో, సినిమావాళ్ళు మద్రాసు వదిలి ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతున్న రోజుల్లో, ఫిల్మ్‌నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాను. నా కష్టంతో. ఆ తర్వాత కారు కొన్నాను. మద్రాసులో ఒక పెద్దమనిషి జపాన్ నుంచి తెప్పించుకుని, కొన్నాళ్ళు వాడి అమ్మిన తెల్లకారు. డ్రైవర్ని పెట్టుకోలేదు. జూబ్లీహిల్స్ బండరాళ్ళ మధ్య ఎత్తుపల్లాల రోడ్ల మీద, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేనే నడుపుకుంటూ షూటింగుకి వెళ్ళేదాన్ని. హీరోగారి కారుకి తీసినంత వేగంగా నాకూ గేటు తీసేవారు. ఇప్పటికీ ఆ దృశ్యం తలచుకుంటే వెన్ను నిటారవుతుంది. ఆ గర్వానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. దాన్ని కాపాడుకోవడానికి చేసిన పని వేరు.

యాదయ్యకు షేక్‌పేటలో రేకుల షెడ్డు ఉండేది. నా కారు పని ఆయనే చూసేవాడు. పని నచ్చి తోటి నటులకు, నిర్మాతలకు నేనే ఆయన పేరు చెప్పాను. చూస్తుండగానే షెడ్డు ముందు సినిమావాళ్ళ కార్లు వరస కట్టాయి. అది కూడా నా గొప్పే అనుకునేదాన్ని.

ఒకరోజు డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. అంతకు ముందెప్పుడూ చూడలేదు. యాదయ్యకు చూపిస్తే, సర్వీసు టైమ్ అయిందని చెబుతోందేమో అన్నాడు. కారు ఉంచుకుని, ఇంజనాయిల్ మార్చి, సాయంత్రానికి ఇచ్చాడు. మర్నాడు తాళం తిప్పగానే లైటు మళ్ళీ వెలిగింది. ఇంకా సర్వీసు చేయమనే అంటోంది.

నాకు ఒళ్ళు మండింది. నన్నే మోసం చేస్తాడా? ఆడది, దీనికేం తెలుస్తుందిలే అనుకున్నాడా? ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. యాదయ్యను అక్కడికే రమ్మని కబురు పెట్టాను. యూనిట్ అంతా పోర్టికోలో కూర్చుని టీ తాగుతోంది. వాళ్ళందరి ముందే అడిగాను.

"ఆయిల్ మార్చకుండానే మార్చానని చెప్పావు కదూ?"

"అయ్యో, మార్చిన మేడమ్. ఫిల్టర్ గూడ కొత్తదేసిన. గా లైటు ఎందుకు బంద్ అయితలేదో నాకు సమజ్ అయితలేదు. జర టైమియ్యుండ్రి, అడిగి తెలుసుకుంట."

"లైటు వెలుగుతుంటే ఇంకా తెలుసుకునేదేముంది?"

ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి నా ముందు పట్టుకున్నాడు. "ఒక్కపారి సూడుండ్రి మేడమ్. కొత్త ఆయిల్, తేనె లెక్క ఉన్నది."

నేను చూడలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. తల తిప్పి చూస్తే, అది తేనెరంగులోనే ఉంటే, ఏం చేయాలి? ఆ భయం అప్పుడే కలిగిందా, తర్వాత నేను కల్పించుకున్నానా? తెలియదు. తల తిప్పకుండానే అన్నాను: "జపాన్ కారు అబద్ధం చెప్పదు. నువ్వే చెబుతున్నావు."

ఎవరో నవ్వారు. డైలాగ్ బాగా పేలిందని నాకు లోపల సంతోషం కూడా కలిగింది. యాదయ్య పుల్లను గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా లోపల పెట్టి, బానెట్ మూసి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే, కారు అమ్మినాయన్ని కూడా కడిగేద్దామని మద్రాసుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. ఆ లైటుకు ఆయిల్ సంగతే తెలియదట. ఇన్ని కిలోమీటర్లు తిరిగితే వెలగాలి, అంతే. సర్వీసు చేశాక మనమే ఆర్పాలట. ఫోన్ పెట్టేసి కారు దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పినట్టే స్పీడోమీటర్ పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి పట్టుకుని తాళం తిప్పాను. లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది.

అక్కడిదాకా జరిగింది పొరపాటు. తెలియక అన్న మాట. షేక్‌పేట ఎంత దూరమని? వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ మర్నాడు సెట్ దగ్గర కారు ఆపగానే కెమెరామన్ లోపలికి తొంగి చూసి "ఆ పసుపు లైటు పోయిందేంటండీ?" అని అడిగితే, నా నోటి నుంచి తడుముకోకుండా వచ్చింది: "వేరే చోట సర్వీసు చేయించాను."

అదే నా తప్పు. మొదటి మాటకు అజ్ఞానం అడ్డు పెట్టుకోవచ్చు. రెండో మాటకు ఏం అడ్డు పెట్టను? అంతమందిలో గెలిచి, మళ్ళీ అంతమందిలోనే ఓడిపోవడం నా వల్ల కాలేదు.

ఆ మాట ఫిల్మ్‌నగర్ అంతా తిరిగింది. షెడ్డు ముందు కార్లు తగ్గాయి, తర్వాత రావడం మానేశాయి. ఒకసారి బోరబండ వైపు పెట్రోల్ బంకులో ఆయనే కనిపించాడు. షెడ్డు ఎత్తేశాడట, మోతీనగర్‌లో ఇంకొకరి దగ్గర జీతానికి చేస్తున్నాడట. నేను అడగకుండానే చెప్పాడు. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "బండి మంచిగ నడుస్తున్నదా మేడమ్?" అని మాత్రం అడిగాడు. బాగా నడుస్తోందన్నాను. నిజంగానే ఆ ఇంజన్ ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఇంకో మాట చెప్పడానికి నోరు తెరిచాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. అదే సాకుగా అద్దం ఎత్తేసి వచ్చేశాను.

చాలా కాలానికి మోతీనగర్ వెళ్ళి వెతికాను. ఆ షెడ్డూ లేదు, ఆయన సంగతి తెలిసినవాళ్ళూ లేరు. నిజం చెప్పమంటారా? దొరకలేదని బాధ కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యే ఇన్నాళ్ళూ నన్ను తినేసింది.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. లైటు ఆరిన మర్నాడే యూనిట్ అందరి ముందు అనాల్సిన మాట, కనీసం మీ ఒక్కరి ముందైనా అంటున్నాను. యాదయ్య ఆయిల్ మార్చాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అబద్ధమాడాను.